పొగ ఒకరి ఖాతాలో, సరుకు ఇంకొకరి ఇంట్లో

సంపాదకుల వారికి నమస్కారం.

ఏ దేశం ఎంత కాలుష్యం చేస్తోందో చెప్పే పట్టికలు మీ పత్రికలో తరచూ వస్తుంటాయి. అవి తప్పని అనను గానీ, సగం లెక్కే చెబుతాయి. పొగ ఏ దేశం గొట్టంలోంచి వచ్చిందో ఆ దేశం పేరు మీదే రాయడం 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద వస్తున్న పద్ధతి. ఆ ఉక్కు, ఆ ఫోను, ఆ చొక్కా చివరికి ఎవరింటికి చేరాయో అందులో ఎక్కడా కనబడదు. దేశాల మధ్య తిరిగే ఓడలు, విమానాల పొగనైతే విడిగా రాసి వదిలేస్తారు, ఏ దేశం మొత్తంలోనూ కలపరు.

బ్రిటన్ సంగతే చూడండి. 1990తో పోలిస్తే తమ గడ్డ మీది ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గాయంటారు. అది నిజమే, బొగ్గు కరెంటు మానేయడం చిన్న విషయమేమీ కాదు. కానీ దిగుమతి సరుకు వెనకున్న పొగను కూడా కలిపి అక్కడి ప్రభుత్వమే ఇంకో లెక్క ప్రచురిస్తుంది, అందులో తగ్గుదల అంత ఉండదు. ఈ రెండో అంకె వార్తల్లోకి ఎందుకు రాదు?

ఇంత ప్రపంచంలో ఇదెలా లెక్కగడతారని అడిగేవాళ్లుంటారు. దారి వేసింది వాసిలీ లియొంటీఫ్ అనే ఆర్థికవేత్త, ఆ పద్ధతికే ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. ఎవరు ఎవరి దగ్గర ఎంత కొంటున్నారో పెద్ద పట్టికగా రాస్తారు: బట్టల ఫ్యాక్టరీ గుడ్డ కొంటుంది, గుడ్డ నేసే మిల్లు నూలు కొంటుంది, నూలు మిల్లుకు పత్తీ కరెంటూ కావాలి, పత్తి రైతుకు ఎరువు కావాలి, ఎరువుల ఫ్యాక్టరీకి గ్యాస్ కావాలి. ఒక్కో రంగం పక్కన అది వదిలే పొగ, వాడే నీళ్లు, భూమి రాసి దేశాలన్నిటి పట్టికల్నీ కలిపితే, చొక్కా దగ్గర మొదలుపెట్టి గ్యాస్ బావి దాకా వెనక్కి వెళ్లొచ్చు. ఒకే రంగంలోని మంచి ఫ్యాక్టరీని, చెడ్డ ఫ్యాక్టరీని ఒకే గాటన కట్టేస్తుందన్న లోపం ఉంది, నిజమే. అయినా అసలు లెక్కే లేకపోవడం కన్నా నయం.

నీళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఒక కాటన్ టీషర్టుకు ప్రపంచ సగటున 2,700 లీటర్లు అంటారు. వాననీటితో పండిన పత్తికీ, నదిని మళ్లించి పండించిన పత్తికీ ఆ అంకె ఒకటే అయినా నష్టం ఒకటి కాదు. సోవియట్ కాలంలో పత్తి కోసం మధ్య ఆసియాలోని అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లు మళ్లించారు, అవి చేరే అరల్ సముద్రం చాలావరకు ఎండిపోయింది, అక్కడి జాలర్ల బతుకు పోయింది. అందుకే లీటర్లతో పాటు ఆ నీళ్లు ఏ నదివో కూడా చెప్పాలి.

ఇదంతా బొగ్గు మండించే ఫ్యాక్టరీలను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ఏ ఇంధనం వాడాలో తేల్చుకునేది వాళ్లే, ఆ బాధ్యత వాళ్లదే. కానీ కొనేవాళ్లకూ వాటా ఉంది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల్లాంటి దిగుమతుల మీద యూరోపియన్ యూనియన్ 2026 నుంచి కార్బన్ ఖర్చు, అంటే ఆ సరుకు తయారీలో వెలువడిన పొగకు ధర, వేసే పద్ధతి అమల్లోకి తెచ్చింది. సరుకు పంపేవాళ్లను టన్నుల లెక్క అడుగుతున్నప్పుడు, కొనేవాళ్ల వాడకం లెక్క కూడా అంతే గట్టిగా అడగాలి కదా.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇకపై దేశాల ఉద్గారాల పట్టిక వేసినప్పుడు ఉత్పత్తి అంకె పక్కన వినియోగం అంకె కూడా వేయండి, వీలైతే రెండూ తలసరి లెక్కలో.

ఇట్లు,
మీ పాఠకుడు