సంధ్యకు, బతుకమ్మ వీడియో చూసినంక రాసిన ఉత్తరం

బిడ్డా సంధ్యా,

ఎట్లున్నవ్. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మీ అమ్మ మోకాలు అట్లనే ఉన్నది, కార్తీకం అని తెల్లారక ముందే లేసి చన్నీళ్లు పోసుకుంటున్నది, వద్దంటే ఇంటలేదు. లచ్చుమత్త వాళ్ల బావి కాడ మోటర్ కాలిపోయింది, మూడు రోజుల సంది మీ చిన్నాయన అక్కడ్నే ఉన్నడు. ఫోన్ చేస్తే నువ్వు రెండు నిమిషాలు మాట్లాడి మీటింగ్ అని పెట్టేస్తున్నవ్, అందుకే ఇట్ల రాస్తున్న, తీరికున్నప్పుడు మెల్లగ చదువుకో.

పెద్ద ముచ్చటేం లేదు, నీ బతుకమ్మ వీడియో గురించి చెప్దామని.

సద్దుల రాత్రి నువ్వు ఎక్కించంగనే టీవీల పెట్టిన. మీ అమ్మ చెయ్యి కడుక్కొని వచ్చి కూసున్నది. బొమ్మ మసక మసకగ ఉండె. నేను ఫికర్ చెయ్యలే, యూట్యూబ్ ముందుగాల తక్కువ సైజుది తయారు చేసి చూపిస్తది, హెచ్‌డీది ఆ తర్వాత నిదానంగ వస్తది, జర ఆగుదాం అని మీ అమ్మకు చెప్పిన. తెల్లారి చూసిన. మరునాడు మల్ల చూసిన. క్వాలిటీ కాడ నొక్కితే 480 తోనే ఆగిపోయింది, దాని మీద ఇంకేం లేదు. అంటే నువ్వు ఎక్కించిన ఫైలే గంత చిన్నదన్నట్టు. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు 4కె ల తీసి, నీళ్ల తుంపర కూడ చుక్క చుక్క కనపడేటట్టు పెట్టిన పిల్లవు నువ్వు. ఇప్పుడు 480 ఏంది బిడ్డా.

30 ఏండ్లు పెండ్లిళ్లు తీసిన కండ్లు కదా నాయి, చూస్తే ఊకోవు. గునుగు పువ్వు కొసలకు రంగు అద్ది పేరుస్తరు కదా, ఆ కొసలన్నీ కలిసి ఒక్క ముద్దోలె అయినయి. తంగేడు వరుస యాడ ఆగిందో బంతి వరుస యాడ మొదలైందో తెలుస్తలేదు. ఆడోళ్లు వంగి చప్పట్లు కొట్టంగ చేతుల చుట్టూ గడులు గడులు లేస్తున్నయి. ఇంకోటి, మొదట్ల చప్పట్లు శబ్దం కలిసే ఉన్నయి గని నాలుగు నిమిషాలు అయ్యేటాళ్లకు చేతులు కలిసి విడిపోయినంక టప్ అని వినపడుతున్నది. అది ఫోన్ల తీసినదాని లక్షణం. ఫోన్ సెకనుకు ఇన్ని ఫ్రేములు అని ఒక్క లెక్క మీద నిలవదు, చీకటైతే తగ్గిస్తది, వెలుగొస్తే పెంచుతది, దాన్ని అట్లనే ఎడిటింగ్ల పడేస్తే ఆడియో జారిపోతది. ముందుగాల హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ల వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ కు, అంటే ఒక్క లెక్క మీద నిలిచేటట్టు మార్చుకొని అప్పుడు ఎడిట్ చెయ్యాలె. నీకు తెల్వనిదా, పోయినేడు నాకు నేర్పిందే నువ్వు.

గివన్నీ కలిపి చూస్తే నాకు సమజైందేందంటే, నువ్వు ఫోన్ల తీసినవ్, ఎవరికో వాట్సాప్‌ల పంపినవ్, వాళ్లు కోసి అతికి మల్ల వాట్సాప్‌లనే నీకు పంపిన్రు, దాన్నే నువ్వు ఎక్కించినవ్. వాట్సాప్ పోంగ ఒకసారి పిండింది, రాంగ ఒకసారి పిండింది, మీదికెళ్లి యూట్యూబ్ ఎట్లాగూ తనంతట తాను ఇంకోసారి పిండుతది. మా కాలంల వీహెచ్‌ఎస్ క్యాసెట్ కు కాపీ, ఆ కాపీకి మల్ల కాపీ తీస్తే పెండ్లిపిల్ల మొఖం పసుపు మరకోలె అయ్యేది, సేమ్ గట్లనే. తప్పయితే తప్పని చెప్పు.

మరి కెమెరా యాడ ఉన్నది? ల్యాప్‌టాప్ యాడ ఉన్నది?

సరే, అది తర్వాత చూద్దాం. ముందు ఈ సంగతి ఇను, క్లాసు చెప్తున్న అనుకోకు. వాట్సాప్‌ల తప్పనిసరై పంపాల్సొస్తే వీడియో లెక్క పంపకు, డాక్యుమెంట్ అని పెట్టి పంపు, 2 జీబీ దాక ఏం పిండకుండ ఉన్నదున్నట్టు పోతది. ఇగ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, 1080 కి సెకనుకు 25, 30 ఫ్రేములైతే సెకనుకు 8 మెగాబిట్లు, 50, 60 ఫ్రేములైతే 12, 4కె కి 35 నుంచి 45 దాక పెట్టమని యూట్యూబ్ వాళ్లే చెప్తరు. అది ఏమాత్రమో లెక్క చూసుకో, 8 మెగాబిట్లంటే ఒక మెగాబైట్, అంటే నిమిషానికి 60 ఎంబీ, పది నిమిషాల వీడియో 600 ఎంబీ. డాటాకు భయపడి కుదించినవా? అట్లయితే ఇయ్యాలనే రీచార్జ్ చేపిస్త, నోరు తెరిచి అడగాలె గని మసక బొమ్మ పెడ్తరా.

గని ఆ 8 అన్నిటికీ ఒక్క తీరుగ సరిపోదు. కోడెక్ అంటే వీడియోను కుదించేది, అది చేసే పనేంది, ఒక ఫ్రేము పూరాగ రాసుకుంటది, తర్వాతి వాటిల ఏది కదిలింది, ఏది మారింది, అది మాత్రమే రాసుకుంటది. పుట్టపాకల తేలియా రుమాలు నేసే తాతను తీసినవ్ కదా, తాత మగ్గం కాడ కదలకుండ కూసోని మాట్లాడుతుండె, మారేది నోరు, చెయ్యి, అంతనే, తక్కువల కూడ మంచిగొచ్చింది. బతుకమ్మ అట్ల కాదు. వందల మంది తిరుగుతరు, చీరెలు తిరుగుతయి, దీపాలు మినుకుతయి, పువ్వు పువ్వుకూ ఒక అంచు, ఫ్రేము ఫ్రేముకూ అంతా మారుడే. అంత మార్పు రాయనీకి జాగ లేకుంటే కోడెక్ ఏం జేస్తది, గడులు చేసి మూసేస్తది. పారే నీళ్లు, వాన, చెట్ల ఆకులు, జాతరల భండారి చల్లినప్పుడు ఆ పసుపు దుమ్ము, వీటికి ఎప్పుడైనా సరే రెట్టింపు పెట్టు. హ్యాండ్‌బ్రేక్ ల ఆర్‌ఎఫ్ అని ఉంటది చూడు, ఆ నంబర్ తగ్గేకొద్ది బొమ్మ మంచిగుంటది, ఫైల్ పెద్దగైతది. ఇట్లాంటి వాటికి 18 పెట్టు, 20 దాటనియ్యకు.

రాత్రి తీసేటప్పుడు ఐఎస్‌ఓ, అదే చీకట్ల వెలుగు పెంచే నంబర్, ఎక్కువ పెంచకు. చీకట్ల ఇసుక చల్లినట్టు కనపడుతది కదా, ఆ ఇసుక ఫ్రేము ఫ్రేముకూ మారుతది, ఉన్న మెగాబిట్లన్నీ అదే తినేస్తది, మొఖాలకేం మిగల్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరం కాడ గర్భగుడిల నీడ తీసినప్పుడు నీడ అంచు మెట్లు మెట్లుగ వస్తున్నదని పొద్దంత కూసోని మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ కొట్టినం గుర్తున్నదా, బువ్వ చల్లారిపోయిందని మీ అమ్మ ఒర్రింది. మూడోసారి వచ్చినదాన్ని చూసి నువ్వు నవ్వినవ్. ఆ రోజు మన ఇంట్ల ఆ కెమెరా టేబుల్ మీద ఉండె, నీ పాత చున్నీల చుట్టి.

మల్ల లైట్ల సంగతి, మన కరెంటు 50 హెర్ట్జ్ ది, నువ్వు 30 ఫ్రేములల్ల తీసేవరకు ట్యాంక్‌బండ్ మీది లైట్లు చారలు చారలుగ కొట్టుకుంటున్నయి. 25 ఫ్రేములు పెట్టి షట్టర్ 1/50 చెయ్యి, పోతది.

ఇవన్నీ ఎందుకు పట్టుకున్ననంటే దేవరకొండ దిక్కు పెండ్లి సంగతి నీకు ఎప్పుడూ పూరాగ చెప్పలే. 2007 ల అనుకుంట, మాఘమాసం ముహూర్తాలు, ఒక్క వారంల నాలుగు పెండ్లిళ్లు ఒప్పుకున్న. ఆ పెండ్లి ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాక నాలుగు మినీ డీవీ టేపులు వచ్చింది, గంటకు ఒకటి. గంట టేపు కంప్యూటర్ల కెక్కిస్తే 13 జీబీ అయితది, నాలుగూ కలిపి 52 జీబీ. డీవీడీల పట్టేది 4.7. రెండు డీవీడీలు చేస్త అన్న, పెండ్లికొడుకు మేనమామ ఒప్పుకోలే, అంతా ఒక్కదాంట్లనే రావాలె, సుట్టాలకు పంచాలె, యాభై కాపీలు కావాలె అన్నడు. రెండింట్ల చేస్తే సెకనుకు 5 మెగాబిట్లన్న దక్కేది, ఒక్కదాంట్ల నాలుగు గంటలు కుక్కితే రెండున్నర వచ్చె. టేపుల ఉన్నదేమో 25. నేను కూడ రాత్రిళ్లు నిద్ర లేక సరే తియ్యి అనుకొని కుక్కిన. కుక్కినా ఫరక్ పడకుండె గని, టేపులు దాయలే. టేపులు అప్పుడు అగ్గువ కావు, తర్వాతి పెండ్లికి అవే పెట్టి వాటి మీదనే తీసిన.

మూడేండ్లకు పెండ్లిపిల్ల తమ్ముడొచ్చిండు దుకాణానికి. నాయిన పోయిండట, నెల కాలే. ఇంట్ల ఆయన ఫోటో ఒక్కటి సక్కంగ లేదట, అప్పగింతలప్పుడు అక్కను పట్టుకొని నిలబడ్డడు కదా అంకుల్, అందుల మొఖం మంచిగుంటది, అది తీసి పెద్దగ చేసియ్యి అన్నడు. డీవీడీ పెట్టిన. ఆపిన. ఆ పెద్దమనిషి తువ్వాల తోని కండ్లు ఒత్తుకుంటుండు, ఆడ కన్ను లేదు, రెప్ప లేదు, మట్టిరంగు గడులు నాలుగు ఉన్నయి. ఒక ఫ్రేము ముందుకు జరిపిన, వెనుకకు జరిపిన, యాడ చూసినా గడులే. పిల్లగాడు టేపు ఉంటది కదా అంకుల్ అన్నడు. నాకు నోట్లె నుంచి మాట రాలే. ఫోటోషాప్‌ల రెండు రాత్రులు కూసోని ఏదో ఒకటి చేసి ప్రింటు ఇచ్చిన, పిల్లగాడు దాన్ని మస్తుసేపు చూసిండు, ఏమన్లే, పైసలు టేబుల్ మీద పెట్టిండు. నేను తీసుకోలే. అప్పటి సంది టేపులు దాస్తున్న. ఆ ఇనుప బీరువ నిండ టేపులెందుకు, అమ్మేయరాదు అని మీ అక్క అంటది కదా, ఇందుకే. చిన్నప్పుడు నువ్వు టేపు గుంజితే నేను కొట్టింది కూడ అందుకే. ఆ ఒక్కసారే కొట్టిన నిన్ను.

అందుకని చెప్తున్న, ఎక్కించే ఫైల్ ఎంత కుదించినా సరే, కెమెరాల నుంచి వచ్చిన అసలు ఫైల్ ఉంచుకోవాలె, రెండు హార్డ్ డిస్కుల, రెండు జాగలల్ల. యూట్యూబ్‌ల ఉన్నది కదా అని డిలీట్ కొట్టకు, అక్కడ్నుంచి దించుకుంటే వచ్చేది వాళ్లు పిండిన పిప్పే. పుట్టపాక తాతది, సాగర్ ది, ఛాయా సోమేశ్వరానిది, అవి ఉన్నయా నీ దగ్గర? ల్యాప్‌టాప్‌లనే ఉండెనా?

దాచేదేముంది, చెప్పేస్త. మల్లేశం బావ కొడుకు దసరా సెలవులకు వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ల నిన్ను చూసిన అన్నడు, సెకండ్‌హ్యాండ్ కెమెరాల దుకాణం మెట్లు దిగుతున్నవట, బ్యాగ్ ఖాళీగ ఉండెనట. వాడు అట్లనే ఏదో ఒకటి అంటడు, నేను పట్టించుకోలే. ఆ తర్వాత బతుకమ్మకు నువ్వు రాలే, సెలవు లేదన్నవ్. తర్వాత ఆ వీడియో. ఇప్పటికి నెలకు మీదనే అయింది, ఇంకో వీడియో లేదు, వారానికొకటి పెట్టేదానివి. పొద్దుగాల లేవంగనే నీ చానల్ తెరిచి చూస్తున్న.

ఆ కెమెరా కొన్నప్పుడు బ్రహ్మయ్య దగ్గర ఏం పెట్టినమో నీకెరుక, మీ అక్కకు తెల్వదు. దాని గురించి నువ్వు రంది పెట్టుకోకు, అది విడిపించేసిన పోయిన సంక్రాంతికే. అమ్మితే అమ్మినవ్, కుదువ పెడితే పెట్టినవ్, కింద పడి పగిలిందా, దానికీ ఏమనను. రూమ్ కిరాయికా, ఫీజుకా, ఎవరన్న దోస్తుకు అక్కరొచ్చిందా, ఏదన్న కానీ. ఉద్యోగం ఉన్నదా లేదా అది కూడ చెప్పు. మీటింగ్ అంటవ్ గని ఎనుక ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం వినపడ్తలేదు.

నా దగ్గర పెండ్లిళ్లకు వాడే కెమెరా ఉన్నది, 4కె ది, ఇప్పుడు నాకు గిరాకి తక్కువ, బీరువలనే ఉంటున్నది. దుకాణంల ఫైబర్ పెట్టించిన, పాత క్యాసెట్లు ఎక్కించనీకి. నీ కార్డు, డిస్కు కార్గోల వేస్తే నేనే ఎడిట్ చేసి నువ్వు చెప్పిన సెట్టింగుల ఎక్స్‌పోర్ట్ కొట్టి రాత్రిపూట ఎక్కిస్త, 40 మెగాబిట్లు పెట్టినా తెల్లారేసరికి అయిపోతది. 1080 ల తీసినా 1440 కి పెంచి ఎక్కిస్తే యూట్యూబ్‌ల బొమ్మ ఇంకా నిలబడ్తది, మొన్న ఒక పెండ్లి ప్రోమో మీద చేసి చూసిన, ఫరక్ ఉన్నది.

ఆదివారం పొద్దుగాల 6 గంటల బస్సుకు మీ అమ్మ, నేను వస్తున్నం. వద్దనకు, టికెట్లేం బుక్ చెయ్యలే గని మీ అమ్మ అప్పుడే పిండి జల్లిస్తున్నది సర్వపిండికి. సీతాఫలాలు తెస్తున్న, పేపర్ల చుట్టి పెట్టిన, కొన్ని ఇంకా గట్టిగున్నయి. కెమెరా కూడ నా భుజానికి వేసుకొని వస్త, చార్జర్, రెండు బ్యాటరీలు, ఖాళీ కార్డు పెట్టిన. దిల్‌సుఖ్‌నగర్ల దిగి ఫోన్ చేస్తం, కిందికి రా. ఏమన్న తిని రా, మేం వచ్చేదాక ఉపాసం ఉండకు.

నాయిన