సింగరాయకొండలో దిగిపోయిన పెద్దమ్మకు

ఫిబ్రవరి నెలాఖరులో, కందుకూరు నుంచి ఒంగోలు వెళ్లే సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మకు ఈ నాలుగు మాటలు. పేరు అడగలేదు. అడిగే స్థితిలో లేను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ రోజు తొమ్మిదో తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే అడ్డం వెళ్లాను. ఒకడు నా చేతిలోని హాజరుపట్టీ లాక్కుని చించేశాడు. మిగతావాళ్లు ఈలలు. స్టాఫ్‌రూమ్‌లో ఏమన్నారంటే, "మీకు క్లాసు కంట్రోల్ లేదు మేడమ్." బస్సెక్కి, కిటికీ వైపు తిరిగి, రాజీనామా ఎలా రాయాలా అనుకుంటూ ఏడ్చాను.

"ఏం తల్లీ, ఎవరన్నా పోయారా?" అన్నారు మీరు. (అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.) అంతా చెప్పేశాను. మీ వేళ్లకు పొగాకు బంక నల్లగా పట్టి ఉంది. ఆ పట్టీ చించినవాడు క్లాసులో రోజూ నిద్రపోతాడనగానే, "బ్యారన్ కాడ ఉంటాడేమో కనుక్కో. ఆకు ఎక్కిస్తే ఐదారు రోజులు మంట ఆరకూడదు. రాత్రిళ్లు ఎవరో ఒకరు కూర్చోవాల గదా" అన్నారు. (బ్యారన్ అంటే పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే కొట్టం.)

కనుక్కున్నాను. నిజమే, వాళ్ల నాన్నతో పాటు వాడూ కూర్చుంటున్నాడు. వాళ్ల నాన్నతో మాట్లాడాను. ఇప్పుడు మొదటి పీరియడ్‌లో వాణ్ని లేపడం లేదు, తప్పో ఒప్పో. రిజిస్టర్ చించిన కోపం మాత్రం ఇంకా కొంచెం ఉంది.

దిగేటప్పుడు సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా ఒళ్లో పెట్టారు. ఒకటి టంగుటూరు దాటేలోపే తినేశాను. రెండోది మా పాపకిచ్చాను. మీకు దండం పెద్దమ్మా.