శీనుకి ఉత్తరం: ఆ సుత్తి ముందు సంచిలో పెట్టు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు ఏమీ అనుకోకురా. పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరిపోయింది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నదానికి ఇంటర్లో సీటొచ్చింది, సూర్యం మళ్ళీ ఉద్యోగం మారాడు. మిగతా కబుర్లు ఇంకోసారి. డిసెంబర్ సెలవుల్లో బుజ్జిగాణ్ణి తీసుకుని శిలాజాల కోసం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ వెళ్తున్నానని, కొండ తవ్వడానికి సుత్తి కూడా కొన్నానని రాశావు చూడు, అది చదివినప్పట్నుంచీ ఇంకేమీ రాయబుద్ధి కావట్లేదు.

కొండ జోలికి వెళ్ళకురా. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత ఊపిరి పీల్చుకుంటాను.

ఆ కొండ ఎలా కట్టి ఉందో తెలిస్తే నువ్వే వెళ్ళవు. అడుగున ఉన్నది జురాసిక్ తొలినాటి సముద్రపు బురద, గట్టిపడి బంకరాయి అయింది. వయసు 19, 20 కోట్ల ఏళ్ళ మధ్య. దాని నెత్తిన, మధ్యలో కోట్ల ఏళ్ళ పొరలు కొట్టుకుపోయాక, క్రెటేషియస్ (జురాసిక్ తర్వాతి యుగం) నాటి పచ్చ ఇసుకరాయి కూర్చుంది. వాన నీళ్ళు ఇసుకరాయిలోంచి సులువుగా దిగి బంకరాయి దగ్గర ఆగిపోతాయి. అక్కడ నాని నాని, పైదంతా ఒక్కసారిగా కిందికి జారుతుంది. 2008 మే నెలలో లైమ్‌కీ పక్క ఊరు చార్‌మత్‌కీ మధ్య 400 మీటర్ల మేర అలాగే సముద్రంలోకి వచ్చేసింది. వాన పడుతున్నప్పుడే జారాలని లేదు, ఎండ కాస్తున్న రోజునా జారుతుంది. అందుకే కొండ పాదం దగ్గర నిలబడొద్దు, కూర్చుని తిండి అసలే తినొద్దు. కొండలో తవ్వడానికి అనుమతి కూడా లేదు.

తవ్వాల్సిన పని అంతకన్నా లేదు. ఆ చోటు గొప్పతనమే అది! కొండ జారుతుంది, అలలు ఆ మట్టిని కడిగేస్తాయి, లోపలున్న శిలాజాలు గులకరాళ్ళలో మిగిలిపోతాయి. ఎవరూ ఏరకపోతే అదే సముద్రం వాటిని పిండి చేస్తుంది. అందుకే అక్కడ రాలిపడ్డవి ఏరుకోనిస్తారు. అదే కెనడాలో బర్జెస్ షేల్ అయితే గైడుతోనే పైకెక్కాలి, చిన్న ముక్క జేబులో వేసుకున్నా నేరం. ప్రపంచంలో పేరున్న శిలాజ స్థలాల్లో, తొమ్మిదేళ్ళ పిల్లాడు తన చేత్తో ఏరి ఇంటికి తెచ్చుకోగలిగిన చోట్లు చాలా తక్కువరా.

మొదట నువ్వు లైమ్‌లో కాకుండా చార్‌మత్‌లో దిగు. లండన్ వాటర్లూ నుంచి ఆక్స్‌మిన్‌స్టర్‌కి రైలు, మూడు గంటల లోపు. అక్కణ్ణుంచి బస్సు. సముద్రపు ఒడ్డునే పాత సిమెంటు ఫ్యాక్టరీ భవనంలో హెరిటేజ్ కోస్ట్ సెంటర్ ఉంటుంది. ముందు అందులోకి వెళ్ళి, ఆ వారం ఎటువైపు జారింది, ఎటు వెళ్ళకూడదు అని అడుగు. అక్కడి వార్డెన్లు చెబుతారు. వాళ్ళు నడిపించే శిలాజాల నడకలు కూడా ఉంటాయి, బుజ్జిగాడికి మొదటి రోజు అదే మంచిది.

ఇక వేళ. సముద్రం దిగుతున్నప్పుడే బయలుదేరాలి. పాటుకి (నీళ్ళు పూర్తిగా వెనక్కి పోయే వేళకి) రెండు గంటల ముందు ఒడ్డుకి దిగి, నీళ్ళు తిరిగి ఎక్కడం మొదలవగానే వెనక్కి వచ్చేయాలి. చార్‌మత్ నుంచి లైమ్ వైపు పోయే ఒడ్డున పోటు వచ్చి కొండనే తాకుతుంది, మధ్యలో చిక్కితే ఎక్కడానికి దారి ఉండదు. డిసెంబర్లో అక్కడ నాలుగింటికే చీకటి, కాబట్టి పాటు మధ్యాహ్నం పడే రోజు చూసుకో. పంచాంగం ఎలాగూ మీ ఆవిడ గోడకి తగిలించే ఉంటుంది! పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, ఆ తీరంలో ఆ రోజుల్లో పాటు సుమారు పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది. అయినా పంచాంగం మీద వదిలేయకు, లైమ్ రీజిస్ ఆటుపోట్ల పట్టిక చూసి ఖాయం చేసుకో.

తుఫాను గాలులు వీచి ఒకటి రెండు రోజులు గడిచాక అయితే ఇంకా మంచిది. వేసవిలో జనం ఏరేస్తారు, చలికాలంలో కొత్తవి బయటపడతాయి. బురద కూడా అప్పుడే ఎక్కువ. పైన ఎండిన పెచ్చులా కనిపిస్తుంది, కాలు వేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. రాళ్ళ మీదే నడవండి, బురద నాలుక అడ్డొస్తే చుట్టూ తిరిగి నీళ్ళ వైపు నుంచి దాటండి. దిగబడితే గుంజుకోవద్దు, వెనక్కి వాలి బరువు పరుచుకోవాలి. 999కి చేసి కోస్ట్‌గార్డ్ అని అడుగు.

ఇప్పుడు అసలు విషయం. నది కలిసే చోటు నుంచి పడమరకి నడిస్తే బ్లాక్ వెన్ అనే నల్లకొండ, తూర్పున స్టోన్‌బారో. కొండ పాదానికి దూరంగా, నీటి అంచు దగ్గర, చిన్న చిన్న నల్లరాళ్ళు పోగుపడిన మరకలు కనిపిస్తాయి. అక్కడ కూర్చో. ఎందుకంటే అక్కడి చిన్న అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లలో బతికిన పాతకాలపు సముద్ర జీవులు) చాలావరకు పైరైట్, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన బరువైన ఖనిజం. ఆ సముద్రపు అడుగు బురదలో ఆక్సిజన్ లేదు, బాక్టీరియా వదిలిన సల్ఫైడ్ ఇనుముతో కలిసి గుల్ల లోపల నిండింది. పైరైట్ సాంద్రత సుమారు 5, మామూలు రాయిది 2.6. అల తేలికవాటిని ఈడ్చుకుపోయి బరువైనవాటిని ఒకచోట వదిలేస్తుంది. వందల మీటర్లు తిరిగేవాడికి దొరకవు, మీటరు చదరం పట్టుకుని పావుగంట కదలనివాడికి దొరుకుతాయి. బుజ్జిగాడికి ఈ ఒక్క సూత్రం నేర్పు: రంగు చూడొద్దు, క్రమం చూడు. సమదూరంలో గీతలు, చుట్ట, ఐదు మూలల నక్షత్రం (అది సముద్రపు లిల్లీ అనే పువ్వులాంటి జీవి కాడ ముక్క). ఒక కొస మొనదేలి వేలంత పొడవున నున్నగా ఉంటే బెలెమ్నైట్, స్క్విడ్ జాతివాటి లోపలి భాగం, అవి బోలెడు. రెండువైపులా గుంటపడ్డ క్యారమ్ స్ట్రైకర్‌లా నల్లటి బిళ్ళ దొరికిందంటే మాత్రం కేకేయండి, అది ఇక్తియోసార్ అనే చేపలాంటి సముద్రపు సరీసృపం వెన్నుపూస!

మోసపోయేవి కూడా చెబుతా. పీచుపీచుగా ఉండే కాల్సైట్ (సున్నపు ఖనిజం) పొరని చూసి ఎముక అనుకుంటారు. ఎముకైతే విరిగిన చోట సన్నని రంధ్రాలుంటాయి. లైమ్ వైపు పాత చెత్తకుప్ప ఒకటి కొండతోపాటు జారింది, తుప్పు పట్టిన నట్లు, గాజుపెంకులు ఆ రాళ్ళలో కలిసిపోయాయి. చేతికి గ్లవుజులు తొడుగు.

సుత్తి పనికొచ్చేది ఒడ్డున రాలిపడ్డ గుండ్ల దగ్గర. అది జియాలజీ సుత్తేనా చూడు. మేకులు కొట్టే సుత్తి మొహం రాయి మీద పెచ్చులూడి కంట్లోకి ఎగురుతుంది. కళ్ళద్దాలు ఇద్దరికీ తప్పనిసరి. పొరకి అడ్డంగా కొట్టకు, పొర అంచున తిరుగుతూ తేలిగ్గా కొడితే దానంతటదే విడుతుంది. గట్టి సున్నపు గుండులో చుట్ట అంచు కనబడితే అక్కడితో ఆపేయ్. దాన్ని గాలి పెన్నుతో (గాలి ఒత్తిడితో నడిచే సన్నని పనిముట్టు) నెమ్మదిగా తీసేవాళ్ళుంటారు, నీ సుత్తి దెబ్బకి నాలుగు ముక్కలవుతుంది. ఎముకలు వరసగా కనిపిస్తే కదపకుండా ఫోటో తీసి సెంటర్లో చెప్పండి. ముఖ్యమైనవాటిని నమోదు చేసే పద్ధతి ఉంది.

లైమ్‌లో శిలాజాలు ఏరి పేరు తెచ్చుకున్న మేరీ ఆనింగ్ సంగతి వాడికి చెప్పావా? తండ్రి 1810లో పోయాడు, అప్పులు మిగిలాయి. మరుసటేడు అన్న జోసెఫ్‌కి ఇక్తియోసార్ తల దొరికింది, మిగతా ఎముకలు 1812లో ఈ పిల్ల పట్టుకుంది, అప్పటికి 12, 13 ఏళ్ళు. 1823లో మొదటి పూర్తి ప్లీసియోసార్, పొడుగు మెడ సముద్రపు సరీసృపం. మరుసటేడు లండన్ జియలాజికల్ సొసైటీలో దాని మీద ప్రసంగం జరిగితే ఆమె పేరే ఎత్తలేదు. ఆ సొసైటీ ఆడవాళ్ళని ఫెలోలుగా తీసుకుంది 1919లో. నాకు ఇది రాస్తుంటేనే ఒళ్ళు మండుతుంది. 1833లో కొండ జారి ఆమె కుక్క ట్రే ఆమె కాళ్ళ దగ్గరే చచ్చిపోయింది, తను వెంట్రుకవాసిలో తప్పించుకుంది. కొండ కింద నిలబడొద్దని నేను ఊరికే అనట్లేదు. ఇప్పుడు లైమ్‌లో ఆమె విగ్రహం ఉంది, 2022లో పెట్టారు, ఒక బడిపిల్ల మొదలుపెట్టిన ప్రయత్నంతో. పుట్టిన ఇల్లున్న చోటే మ్యూజియం.

హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో వాడు చూసిన మన డైనోసార్ కోటసారస్ కూడా జురాసిక్ తొలి భాగానిదేనని గుర్తుచెయ్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర అది నేల మీద నడిచిన ఆ యుగంలోనే లైమ్ దగ్గర వెచ్చటి సముద్రం. రెంటినీ పక్కపక్కన పెట్టి వాడు ఆలోచిస్తే... సరే, అది వాడికే వదిలేద్దాం.

తెచ్చాక ఏం చేయాలో చెప్పకపోతే అంతా వృథా. పైరైట్‌కి తడిగాలి పడదు. తేమ 60 శాతం దాటితే ఆక్సిజన్‌తో కలిసి గంధకామ్లం పుడుతుంది, తెల్లటి పొడి రాలుతుంది, ఘాటు వాసన వస్తుంది, కింద పెట్టిన కాగితం కూడా మాడుతుంది. ఒక రోజంతా మంచినీళ్ళలో ఉంచి నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి ఉప్పు వదలగొట్టు. పూర్తిగా ఆరబెట్టు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడు. తడి మీద వార్నిష్ పూస్తే లోపలే కుళ్ళుతుంది. కాకినాడలో మీ అమ్మగారి షోకేసుకి మాత్రం ఒక్కటి కూడా పంపకు, ఆ సముద్రపు గాలికి రెండు వానాకాలాలు నిలవదు. ఆవిడకి బెలెమ్నైట్ పంపు, అది కాల్సైట్, ఏమీ కాదు.

రెండో రోజు లైమ్‌లో కాబ్ అనే రేవు గోడ దాటి పడమరకి మాన్‌మత్ బీచ్ వెళ్ళండి. అక్కడ రాతి పలకల మీద పెద్ద పెద్ద అమ్మోనైట్లు పరుచుకుని ఉంటాయి, అవి చూడ్డానికే, తీయకూడదు. పాటు వేళకే కనిపిస్తాయి, నాచు మీద కాలు జారుతుంది, కాబట్టి వాడి బూట్లు... ఒరేయ్, పోస్టాఫీసు మూసే వేళైంది, బూట్ల సంగతి రేపు ఫోన్లో చెబుతా.

నీ
ప్రసాదు