విముక్తి పత్రంతోపాటు బతుకుదెరువు కూడా చూపాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల్లోని వెట్టిచాకిరీ నుంచి ఒడిశా కూలీలను అధికారులు విడిపించారన్న వార్త అప్పుడప్పుడు పత్రికల్లో కనిపిస్తుంది. వార్త అక్కడితో ఆగిపోతుంది. ఆ కుటుంబం రైలెక్కి బలాంగిర్‌కో నువాపడాకో చేరాక ఏమి తిని బతుకుతోందన్న సంగతి మళ్లీ రాదు. చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాకు ఇది కొత్తగా అనిపించదు. బానిసత్వ నిర్మూలన గురించి పిల్లలకు చెప్పేటప్పుడు కూడా చట్టం వచ్చిన సంవత్సరం చెబుతాం, దానికోసం పోరాడిన మహనీయుల పేర్లు చెబుతాం. ఆ రోజున డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో మాత్రం చెప్పం.

1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల్లోని సుమారు 8 లక్షల మంది బానిసలను విడుదల చేస్తూ చట్టం చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం కేటాయించింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో అది దాదాపు 40 శాతం. ఆ మొత్తమంతా యజమానులకే దక్కింది. తరతరాలుగా చెరకు తోటల్లో గొడ్డుచాకిరీ చేసినవారికి ఒక్క పౌండు కూడా రాలేదు. పైగా, 1834 ఆగస్టు 1న పూర్తి స్వేచ్ఛ వచ్చింది ఆరేళ్లలోపు పిల్లలకే. మిగిలినవారిని శిక్షణార్థులన్న పేరుతో పాత యజమానుల దగ్గరే ఉంచి, వారానికి 40 గంటలకు పైగా కూలి లేకుండా పని చేయించుకున్నారు. ఆ ఏర్పాటు 1838 దాకా సాగింది. పరిహారం కోసం చేసిన అప్పు చివరి బాకీని బ్రిటిష్ ఖజానా 2015లో తీర్చింది. అంటే, విడుదలైనవారి వారసులు సైతం బ్రిటన్‌లో పన్నులు కడుతూ ఆ అప్పు తీర్చడంలో భాగం పంచుకున్నారన్నమాట. ఇంతకంటే పెద్ద అన్యాయాన్ని ఊహించడం నాకు కష్టం.

అమెరికా కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1862 ఏప్రిల్‌లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం ఒక్కో మనిషికి 300 డాలర్ల వరకు యజమానికి చెల్లించింది. విముక్తుడైన మనిషికి 100 డాలర్ల వరకు ఇస్తామన్నది, అదీ దేశం విడిచి వెళ్లిపోతేనే. 1865 జనవరిలో, అంతర్యుద్ధం చివర్లో, ఉత్తరాది సేనల జనరల్ షెర్మన్ దక్షిణాది సముద్రతీరంలో విముక్తులకు 40 ఎకరాల చొప్పున భూమి కేటాయిస్తూ ఉత్తర్వు ఇస్తే, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే అందులో అధిక భాగాన్ని పాత యజమానులకు తిరిగి అప్పగించాడు.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. చెరకు తోటల్లో ఖాళీ అయిన చోటును నింపడానికి మారిషస్‌కు, ఆ తరువాత దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడలెక్కించినవారిలో కోస్తా జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఒప్పందానికి కట్టుబడి, పని మానేస్తే జైలుకు వెళ్లే షరతు మీద వారు పనిచేశారు. మన దేశం నుంచి ఇలాంటి ఒప్పంద కూలీల సేకరణ పూర్తిగా ఆగింది 1917లో.

మన హైదరాబాద్ సంస్థానం సంగతికి వస్తే, ఈస్టిండియా కంపెనీ పాలిత ప్రాంతాల్లో 1843లో వచ్చిన బానిసత్వ చట్టం నిజాం రాజ్యానికి వర్తించనే లేదు. ఇక్కడ వెట్టి నడిచింది. వాన పడి పొలం పదునెక్కినా రైతు ముందుగా దొర పొలంలోనే నాగలి కట్టవలసి వచ్చేది; చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వృత్తులవారు దొర భవంతి అయిన గడీకి ఊరికే పని చేసిపెట్టాలి; దొర బిడ్డ పెళ్లయితే ఆమె వెంట ఆడపాపను, అంటే దాసీపిల్లను, పంపేవారు. పెళ్లికో పురుడుకో తెచ్చిన కొద్దిపాటి అప్పుకు తండ్రి భాగేలా, అంటే అప్పు తీరేదాకా చాకిరీ చేసే జీతగాడైతే, ఆ అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది. భాగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ 1936లో సర్కారు నిబంధనలు తెచ్చినా, అప్పు తప్ప మరో ఆధారం లేని జీతగాడు దొర వాకిలి విడిచి ఎక్కడికి పోగలడు? పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచింది తాను కౌలుకు చేసిన పొలంలోని పంట కోసమే. వెట్టి పోవాలంటే చేతిలో భూమి ఉండాలన్న సంగతి ఆమెకు ఎవరూ బోధించనక్కరలేకపోయింది.

1975లో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పు చెల్లదని స్పష్టంగా చెప్పింది. బట్టీ యజమాని, కూలీలను కుదిర్చే సర్దారు ద్వారా ముట్టజెప్పిన అడ్వాన్సు వెట్టికి కట్టిపడేసేదైతే దానికీ ఇదే వర్తిస్తుంది. విడిపించినవారికి పునరావాసం కల్పించకపోతే విడుదలకు అర్థం లేదని 1984లో సుప్రీంకోర్టూ తేల్చింది. అయినా 2016 నాటి కేంద్ర పథకం పురుషుడికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు అని ప్రకటించి, పూర్తి చెల్లింపును కోర్టులో నేరం రుజువు కావడంతో ముడిపెట్టింది. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆకలి ఆగదు కనుక, ఆ కుటుంబం మరుసటి ఏడాది మళ్లీ అడ్వాన్సు తీసుకుంటుంది. నూట తొంభై ఏళ్ల కిందట యజమానుల పరిహారానికి ఏ కోర్టు తీర్పూ అడ్డం రాలేదన్నది గుర్తుంచుకోవాలి.

కాబట్టి జిల్లా కలెక్టర్ విముక్తి పత్రం ఇచ్చిన నెలలోపే మొత్తం సొమ్ము కూలీ బ్యాంకు ఖాతాలో పడేలా నిబంధన మార్చాలని కేంద్రాన్ని కోరుతున్నాను. చట్టప్రకారం జిల్లాల్లోనూ, డివిజన్లలోనూ ఉండవలసిన నిఘా కమిటీలు ఎప్పుడెప్పుడు సమావేశమయ్యాయో, ఎన్ని బట్టీలు తనిఖీ చేశాయో, విడిపించిన ఎందరికి సొమ్ము అందిందో తెలంగాణ ప్రభుత్వం ఏటా బహిరంగంగా ప్రకటించాలి. మీ విలేకరులు కూడా విడుదల నాటి ఫొటోతో ఆగకుండా, ఆరు నెలల తరువాత ఆ కుటుంబాల దగ్గరికి మరోసారి వెళ్లాలని నా మనవి.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, నల్లకుంట, హైదరాబాద్