స్టాప్‌వాచ్ చూసి మురిసిపోకురా

ఒరేయ్ శీనూ,

"ఆ కుర్రాడు 40 యార్డులు 4.3 సెకన్లలో కొట్టాడు, ఇక వాడికి తిరుగులేదు" అని రాశావే, ఆ మాట దగ్గరే ఆగిపోయాన్రా. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో రిసీవర్ పని, అంటే విసిరిన బంతిని పట్టేవాడి పని, పరుగుపందెం కాదు.

2009 డ్రాఫ్ట్ గుర్తుందా, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునేది? మేరీల్యాండ్ కుర్రాడు డేరియస్ హేవర్డ్-బే 4.30లో పరిగెత్తాడు. రైడర్స్ వాళ్లు 7వ నంబరుకే ఎగరేసుకుపోయారు. టెక్సస్ టెక్ మైకేల్ క్రాబ్‌ట్రీకి పాదం ఎముక చిట్లి ఆ పరుగే పెట్టలేదు, 10వ వాడిగా పోయాడు. కానీ కాలేజీలో 2007 ఒక్క సీజన్లోనే 134 క్యాచ్‌లు, 1,962 యార్డులు, 22 టచ్‌డౌన్లు (బంతితో చివరి గీత దాటి చేసే స్కోర్లు)! ఆ తర్వాత క్రాబ్‌ట్రీ 2012లో వెయ్యి యార్డులు దాటాడు, హేవర్డ్-బే ఏ ఏడాదీ దాటలేదు.

ఎందుకంటావా? ఆ 40 యార్డులూ ప్యాడ్లు లేకుండా, ఎవరూ అడ్డురాకుండా, తిన్నగా పరిగెత్తేది. ఆటలో అసలు విద్య ఆగడంలో ఉంది. రూట్ అంటే రిసీవర్ ముందే అనుకుని పరిగెత్తే దారి. 12 యార్డుల కర్ల్ రూట్ చూడు, ముందుకి పోయి ఆగి వెనక్కి తిరిగేది. మొదట పూర్తి వేగంతో, తనని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ మీదికే పోవాలి, దూరం విసిరే లాంగ్ బాల్ అనుకుని వాడు వెనక్కి పరిగెత్తాలి. అప్పుడు నడుము కిందికి దించి, ఛాతీ మోకాళ్ల మీదికి వంచి, మూడు పొట్టి అడుగుల్లో బ్రేకు వేసి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వైపు తిరిగి 10 యార్డుల దగ్గరికి వెనక్కి రావాలి. ఆగేముందు ఛాతీ నిటారుగా లేచిందా, "ఇక్కడ ఆగుతున్నా" అని కార్నర్‌కి కబురు పెట్టినట్టే. మూడడుగులు ఐదయ్యాయా, ఆ సందులో వాడు వచ్చి బంతి కొట్టేస్తాడు. పైగా మనవాడు తిరగకముందే బంతి క్వార్టర్‌బ్యాక్ చెయ్యి దాటిపోతుంది. 12కి బదులు 10లోనే తిరిగాడో, బంతి తలమీదుగా పోయి, వెనక కాపలా ఉండే ప్రత్యర్థి సేఫ్టీ చేతిలో పడుతుంది. దాన్నే ఇంటర్‌సెప్షన్ అంటారు. తప్పు రిసీవర్‌ది, ఇంటర్‌సెప్షన్ లెక్కలో పడేది క్వార్టర్‌బ్యాక్ పేరు!

ఆగి మలుపు తిరగడం చూడాలంటే 40 కన్నా త్రీ-కోన్ నయం, మూడు శంకువుల చుట్టూ మలుపులు తిరిగే పరుగు. ఒహాయో స్టేట్ జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా అందులో 6.57 సెకన్లు చేశాడు. 2022 రోజ్ బౌల్ మ్యాచ్‌లో యూటా మీద 15 క్యాచ్‌లతో 347 యార్డులు తెచ్చింది అతనే. అలాగని త్రీ-కోన్‌నీ గుడ్డిగా నమ్మకు. డీకే మెట్‌కాఫ్ 7.38 చేసి, డ్రాఫ్ట్‌లో 64వ నంబరు దాకా జారి, తర్వాత దుమ్ము లేపాడు. తిన్నగా దూసుకుపోయే రూట్లకి అతని ఒళ్లు, వేగం చాలు. ఎవరితో ఏ రూట్లు వేయిస్తున్నారన్నది చూడాలి.

చేతుల మాట కూడా చెప్పనీ. ఛాతీకి పైన వచ్చే బంతికి బొటనవేళ్లు కలవాలి, నడుము కిందికి వస్తే చిటికెనవేళ్లు. చేతులు చాచకుండా ఒంటికేసి పట్టేవాడికి బంతి ప్యాడ్‌కి తగిలి ఎగురుతుంది.

ఇంకోటి, కాలేజీ గణాంకాలు చదివేటప్పుడు మైదానం మర్చిపోకు. అక్కడ, ఆట మొదలుపెట్టడానికి బంతి పెట్టే చోటుకి హద్దులైన రెండు వరసల హ్యాష్ గీతల మధ్య 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి హ్యాష్ మీద ఉంటే కాలేజీలో ఒక పక్క బోలెడు ఖాళీ. పైగా మైదానం అంచు గీత లోపల ఒక్క కాలు మోపినా కాలేజీలో క్యాచే, ఎన్ఎఫ్ఎల్‌లో రెండూ మోపాలి.

ఈ శనివారం ఆటలో బంతిని వదిలేసి మీవాడి నడుము మీద కన్నేయి, వాడికి బంతి రానప్పుడు కూడా. మైదానం మీద ప్రతి 5 యార్డులకీ గీత ఉంటుంది కాబట్టి లెక్క సులువే. నాలుగో క్వార్టర్లో అలిసిపోయాక కూడా వాడి 12 యార్డులు 12గానే ఉన్నాయో, 10కి తగ్గాయో చూసి రాయి.

నీ
రాఘవ