వ్యాన్‌లో ఫ్రిజ్ మళ్ళీ చల్లబడింది బావా

మల్కాజిగిరి, హైదరాబాద్

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో ఫ్రిజ్ సంగతి అడిగితే "అది ఫోన్లో తెమిలేది కాదు, ఉత్తరం రాస్తా" అన్నాను కదా. ఇదిగో, రాత్రి పదిన్నరకి వ్యాన్‌లోనే కూర్చుని రాస్తున్నాను. నా వెనక ఫ్రిజ్ గ్యాస్ మంట మీద నడుస్తోంది, చప్పుడే లేదు. చిన్న కిటికీలోంచి చూస్తే చిటికెన వేలంత నీలం మంట, అంతే.

దీని మీద ఇంత పట్టు ఎందుకు పట్టానో నీకు తెలుసు. పోయినేడు శ్రీశైలం వెళ్ళినప్పుడు అమ్మ ఇన్సులిన్ ఐస్ పెట్టెలో పెట్టాం. మధ్యాహ్నానికి ఐస్ కరిగిపోయి సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి. అమ్మ ఏమీ అనలేదు కానీ, "ఈసారి నేను ఇంట్లోనే ఉంటాలేరా" అని మెల్లగా అంది. ఆ మాట నన్ను వదల్లేదు. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వ్యాన్ కొన్నప్పటి నుంచీ ఫ్రిజ్ మూలన పడి ఉంది, దాన్ని మాత్రం పట్టించుకోలేదు.

ముందు ఒక మెకానిక్‌ని పిలిచాను. కంప్రెసర్ పోయిందన్నాడు. ఇంకొకాయన గ్యాస్ దిగిపోయింది, నింపాలన్నాడు. బావా, ఈ ఫ్రిజ్‌లో కంప్రెసరే ఉండదు! 1922లో స్టాక్‌హోంలో ప్లాటెన్, ముంటర్స్ అని ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. కదిలే భాగం ఒక్కటీ లేదు. అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ ఫ్యాక్టరీలోనే గొట్టాల్లో నింపి సీల్ చేసేస్తారు. కింద మంట పెడితే అమ్మోనియా నీళ్ళలోంచి విడిపోయి ఆవిరై పైకి పోతుంది. వెనక రేకుల దగ్గర వేడి వదిలేసి ద్రవం అవుతుంది. అది హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి జారి మళ్ళీ ఆవిరయ్యేటప్పుడు పెట్టెలోని వేడిని లాగేసుకుంటుంది. మన మట్టికుండ చెమర్చి నీళ్ళు చల్లబడతాయే, ఆ సూత్రమే. ఆ తర్వాత నీళ్ళు అమ్మోనియాని పీల్చుకుని మళ్ళీ మంట దగ్గరికే చేరతాయి. వేడితో చల్లదనం పుట్టించడం! అర్థమైన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, అసలు పని. ముందు గొట్టాలు బాగున్నాయో లేదో తేల్చుకోవాలి. వెనక ఎక్కడైనా పసుపు రంగు పొడి పేరుకున్నా, ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా దాని ఆయువు తీరినట్టే. నా దాంట్లో రెండూ లేవు. మంట బదులు కరెంటు వేడితో కూడా ఇది నడుస్తుంది కాబట్టి, ఇంట్లోంచి వైరు లాగి కరెంటు మీద పెట్టి వదిలేశాను. ఆరు గంటల తర్వాత తలుపు తీసి పై అరలో చెయ్యి పెడితే జివ్వుమంది! అంటే గొట్టాలు బంగారంలా ఉన్నాయి, జబ్బంతా గ్యాస్ మంట దగ్గరే. నిన్ను వెంటనే పిలవాలనిపించింది కానీ అప్పటికి అర్ధరాత్రి.

మర్నాడు సిలిండర్ కట్టేసి, పైపు ఊడదీసి, బర్నర్ బయటికి తీశాను. చూస్తే గొట్టం నిండా సాలెగూడు. పైన పొగ గొట్టంలో కందిరీగ కట్టిన మట్టి గూడు. ఆ గొట్టంలో మెలితిప్పిన రేకు ఒకటి వేలాడుతుంటుంది, వేడి పైకి ఊరికే పారిపోకుండా. దాని మీద మసి వేలి మందాన ఉంది. పాత టూత్ బ్రష్‌తో దులిపితే మోచేతుల దాకా నల్లబడ్డాయి.

ఇక జెట్, అంటే బర్నర్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ముక్క. చొక్కా గుండీ కన్నా చిన్నది. నడిమన రంధ్రం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తప్ప కనిపించదు. చాలామంది ఇక్కడే సూది గుచ్చి పాడుచేస్తారు. రంధ్రం పిసరంత పెద్దదైనా గ్యాస్ ఎక్కువొచ్చి మంట పసుపు రంగుకి తిరుగుతుంది, మసి పడుతుంది, విషవాయువు పుడుతుంది. అందుకని స్పిరిట్‌లో రాత్రంతా నానేసి, పొద్దున గాలి కొట్టి ఆరబెట్టాను. మళ్ళీ వెలుతురుకి ఎత్తి చూస్తే ఒక్క చుక్క వెలుగు గుండ్రంగా కనిపించింది. ఆ చుక్క చూసిన సంతోషం నీకు చెప్పలేను.

మంట అంటుకుంది, కానీ నాబ్ వదలగానే ఆరిపోతోంది. థర్మోకపుల్ అని సన్నని రాగి తీగలా కనిపించేది ఒకటి ఉంటుంది. దాని కొన మంటలో వేడెక్కితే కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టి గ్యాస్ వాల్వ్‌ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోవాలని ఆ ఏర్పాటు. నాది కాలిపోయింది. రాణిగంజ్‌లో అరపూట తిరిగాను. హోటల్ ఓవెన్ల సామాన్లు అమ్మే ఒక చిన్న కొట్లో పెద్దాయన నా పాతది చేతిలోకి తీసుకుని, మర వేలితో తడిమి చూసి, లోపల్నుంచి సరిగ్గా అదే సైజు తెచ్చిచ్చాడు. బిగించి, నాబ్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుని వదిలాను. మంట నిలిచింది!

గ్యాస్ మన 5 కిలోల చిన్న సిలిండరే. మన ఎల్పీజీలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది, అది గడ్డకట్టే చలిలో సరిగ్గా ఆవిరవదు. మనకి అంత చలి బాధ లేదు కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్రిజ్ మీద గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్ అని ఉంది, మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేదీ ఇంచుమించు అంతే. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి బుడగలు రావట్లేదని చూశాకే అగ్గిపుల్ల గీశాను. ఎల్పీజీ గాలికన్నా బరువు కదా, లీకైతే కిందే పేరుకుంటుంది. అందుకని సిలిండర్ పెట్టె అడుగున బయటికి పోయేలా రంధ్రం పెట్టించాను. బండి నడిచేటప్పుడు, పెట్రోల్ బంకులో గ్యాస్ కట్టేయడం తప్పనిసరి. అప్పుడు బ్యాటరీ మీద నడుస్తుంది.

ఇంకొకటి, నేల సమంగా ఉండాలి. వాలుగా ఆపి గంటలకొద్దీ నడిపితే లోపలి ద్రవం తిరగక గొట్టం లోపలే చెడిపోతుంది, ఇక బాగవదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఎక్కడ ఆపినా ముందు అది చూసుకుని, చక్రం కింద చెక్క పెడతాను.

అయినా మన ఎండలు ఊరుకుంటాయా! మే మొదటి వారంలో 42 డిగ్రీల మధ్యాహ్నం లోపల 14కి చేరింది. నాకు టెన్షన్ పట్టుకుంది. వెనక రేకులు వేడి వదలాలంటే గాలి ఆడాలి. కోఠి గుజరాతీ గల్లీలో కంప్యూటర్ ఫ్యాన్లు రెండు తెచ్చి, వేడి గాలిని పై జాలీ నుంచి బయటికి తోసేలా బిగించాను. ఫ్రిజ్ ఉన్న పక్క నీడలో ఉండేలా ఆపడం అలవాటు చేసుకున్నాను. మర్నాడు అదే ఎండలో 7.

పోయిన శనివారం అనంతగిరి వెళ్ళాం, అమ్మ కూడా వచ్చింది! పొద్దున్నే లేచి తనే ఫ్రిజ్ తలుపు తీసి, థర్మామీటర్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఐదు" అంది. తర్వాత సీసా తీసుకుని చెంపకి ఆనించుకుంది.

దసరాకి నువ్వూ చెల్లెమ్మా రండి. నాగార్జునసాగర్ మీదుగా శ్రీశైలం మళ్ళీ వెళ్దాం, ఈసారి కూడా అమ్మతోనే. వచ్చేటప్పుడు మాడుగుల హల్వా మర్చిపోకు, అమ్మ కంటబడకుండా నాకివ్వు. నీ పాత మల్టీమీటర్ కూడా పట్టుకురా, కొత్త థర్మోకపుల్ ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ,
బావ