తెలియకుండా మాన్పిస్తాం అనే ప్రకటన పక్కన ఒక్క లైను వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చాలా ఏళ్లుగా మీ పేపరే వేయించుకుంటున్నాం కాబట్టి కొంచెం చనువుగా రాస్తున్నా. 2024 అక్టోబర్లో రాష్ట్రంలో 3,396 వైన్ షాపులకి లాటరీ తీసినప్పుడు ఏ షాపు ఎవరికి తగిలింది, 2 లక్షల అప్లికేషన్ ఫీజు పోయినోళ్లు ఎందరు అని రోజూ వేశారు, వెయ్యండి, వద్దనను. కానీ తాగుడు మానాలనుకునే మనిషి బెజవాడలో ఎక్కడికెళ్లాలో మాత్రం నాకెప్పుడూ మీ పేపర్లో కనపళ్లేదు. కనపడేదల్లా క్లాసిఫైడ్స్‌లో "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" అని ఒక ఫోన్ నంబరు.

ముందు ఆ ప్రకటన సంగతే చెప్తా. ఆ నంబరు వాళ్లు అమ్మే పొట్లంలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అని ఒక టాబ్లెట్ ఉంది, దాన్ని డాక్టర్లూ రాస్తారు, కాకపోతే ఆ మనిషికి చెప్పి ఒప్పించి రాస్తారు, ఎందుకంటే అది వేసుకున్నాక మద్యం పడితే మొహం ఎర్రబడి గుండె దడదడలాడి వాంతులై బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అలాంటిది పప్పులోనో సాంబార్లోనో కలిపి పెడితే తిన్నవాడికేం తెలుస్తుందండీ, సాయంత్రం మామూలుగానే క్వార్టర్ వేస్తాడు!

మా బావమరిది గురించి ఇంట్లో మేం చెయ్యని ప్రయత్నం లేదు. పిల్లల మీద ఒట్లు, పెద్దమనుషుల పంచాయితీ, భవానీ మాల. మాల ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టడు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చూసి మా అత్తగారు మురిసిపోయేది. ఇరుముడి ఇచ్చి ఇంద్రకీలాద్రి దిగాక మళ్లీ షరా మామూలే. ఫోన్లో వెతికితే అన్నీ డీఅడిక్షన్ సెంటర్లే తగిలాయి, ఒకాయనైతే "అడ్రస్ చెప్పండి సార్ మేమే వచ్చి ఎత్తుకొచ్చేస్తాం" అన్నాడు, ఆ మాటకే మా ఆవిడ ఫోన్ కట్ చేసింది. చివరికి మీటింగుల సంగతి చెప్పింది ఒక క్లినిక్‌లో కాంపౌండరు.

ఆ మీటింగులు ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వాళ్లవి, అందరూ ఏఏ అంటారు, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే సంఘం. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ మార్కెట్ మనిషి, ఒక సర్జను, ఇద్దరూ తాగి తాగి విసిగినవాళ్లే, ఒకరికొకరు తోడుండి మానేయడంతో మొదలైంది. నేను ఏఏ వాళ్లకి ఫోన్ చేస్తే అవతలాయన నా కథంతా ఓపిగ్గా విని "మీరు కాదండీ, ఆయన్నే మాట్లాడమనండి" అన్నాడు. మా బావమరిది రెండు రోజులు గునిసి మూడోరోజు మాట్లాడాడు, ఆ ఏఏ ఆయన మీటింగ్ గేటు దగ్గరే నిలబడి ఉంటాను వచ్చెయ్యండి అన్నాడంట, నిజంగానే నిలబడ్డాడు. మీటింగ్ జరిగేది చర్చి వాళ్ల గదిలో అని అత్తగారు కాసేపు నసిగింది గానీ అక్కడ ఏ మతమూ లేదు, తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది నిజమే, ఆ దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వాళ్లు అనుకోవచ్చు. కుటుంబం వాళ్లు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగ్ ఉంటే ఒకసారి నేనూ వెళ్లా. ప్లాస్టిక్ కుర్చీలు, టీ. పేరు చెప్పి నేను ఆల్కహాలిక్‌ని అని మొదలుపెడతారు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో దూరరు, నీతులు చెప్పరు, అదే నాకు ఆశ్చర్యం, మనవాళ్లు నలుగురు చేరితే సలహా ఇవ్వకుండా ఉండగలరా? ఫీజు లేదు, చివర్లో సంచి తిప్పితే సభ్యులు తోచింది వేస్తారు, బయటవాళ్లు డబ్బులిస్తానన్నా తీసుకోరు. ఎవరేం మాట్లాడారో మాత్రం రాయను, అక్కడి మాట అక్కడే వదిలెయ్యాలి.

ఇదంతా మీకెందుకంటే, వీళ్లు ఊరంతా ఫ్లెక్సీలు కట్టే రకం కాదు, మా దగ్గరికొస్తే మానేస్తారు అని గొప్పలు చెప్పుకోరు, మీడియాలో పేరూ ఫొటో బయటపెట్టకూడదని వాళ్ల సంప్రదాయం. పొట్లం వాడికి ప్రకటన డబ్బులున్నాయి, వీళ్లకి లేవు. కాబట్టి పని మీదే. 1941లో అమెరికాలోని శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ అనే పత్రిక ఏఏ మీద ఒక వ్యాసం వేస్తే 2,000 ఉన్న సభ్యులు ఆ ఏడాది ఆఖరుకి 8,000 అయ్యారు. అంతెందుకు, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేస్తే మన తెలుగు పత్రికలే కదా పేజీలకి పేజీలు రాసి ఊరూరికీ చేర్చింది. నేను పేజీ అడగట్లేదు. "నగరంలో నేడు" అని ప్రవచనాలు, సభలు వేస్తారు చూడండి, అందులో ఫలానా చోట ఇన్ని గంటలకి తెలుగులో ఏఏ మీటింగ్ అని ఒక లైను, గుంటూరు ఎడిషన్లో గుంటూరుది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, అది 1951 నుంచీ ఉంది, దాని మీటింగ్ జరుగుతుంటే అదీ వెయ్యండి, ఆడవాళ్లు ఎవర్నీ అడక్కుండా చదువుకుని వెళ్తారు.

దాని కింద ఇంకో ముక్క తప్పకుండా ఉండాలి. పొద్దున లేవగానే గ్లాసు పట్టుకునే స్థాయికి వెళ్లినవాడు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, రెండ్రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం దాకా పోవచ్చు. అది మీటింగుతో తగ్గేది కాదు, ముందు ఆస్పత్రిలో డాక్టర్ చూడాలి, ఆ తర్వాతే కుర్చీ, టీ. తాగుడు, మత్తు మానాలనుకునేవాళ్లకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వం వాళ్ల టోల్ ఫ్రీ నంబర్ 14446 కూడా పక్కనే వేస్తే బావుంటుంది. చిన్న అక్షరాల్లో వేసినా పర్లేదు, ఆ పొట్లం ప్రకటన సైజులో ఉంటే చాలు.

ఇట్లు
పేరు వెయ్యొద్దని మనవి,
ఆటోనగర్, విజయవాడ